తరంగంబాడి పాత ఇల్లు – జీగెన్‌బాల్గ్ అయ్యగారి జీవితము

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నదిలోనుండి పన్నెండు రాళ్లు తీసి గిల్గాలులో నిలువబెట్టారు. రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే పెద్దలు జవాబు చెప్పాలన్నదే అందులోని ఉద్దేశము. నూరేండ్ల పండుగ చేసుకుంటున్న మనకు కూడా అలాంటి రాళ్లున్నాయి. వాటిలో కొన్ని మన ఊళ్లలోనే ఉన్నాయి. ఒకటి మాత్రము మనకు దూరముగా, తమిళ దేశపు సముద్రతీరాన, తరంగంబాడి అనే చిన్న రేవు పట్టణములో ఉన్నది. అది అడ్మిరల్ వీధిలోని ఒక పాత ఇల్లు. దానికి జీగెన్‌బాల్గ్ ఇల్లు అని పేరు. ఆ ఇంటి విలువ తెలియాలంటే ఆ పేరు గల దైవజనుని జీవితము తెలియాలి.

తరంగంబాడిని యూరపువారు ట్రాంక్విబార్ అని పిలిచేవారు. 1620లో డేనిష్‌వారు తంజావూరు ప్రభువైన రఘునాథ నాయకుని వద్ద ఈ స్థలమును పొంది, అలల ఒడ్డునే డాన్స్‌బోర్గ్ కోట కట్టారు. ఈ రఘునాథ నాయకుడు తెలుగు కవి అని మన పాఠకులకు తెలిసినదే. సుమారు 225 సంవత్సరములు డేనిష్ జెండా ఎగిరిన తరువాత 1845లో ఈ పట్టణమును ఇంగ్లీషువారికి అమ్మివేశారు. క్రమముగా వ్యాపారము నాగపట్నమునకు తరలిపోయింది. రేవు చిన్నబోయింది గాని, పాత వీధులు, పాత గుడులు, పాత ఇండ్లు చాలావరకు నిలిచిపోయాయి.

బర్తొలొమయి జీగెన్‌బాల్గ్ 1682లో జర్మనీలోని పుల్స్‌నిట్స్ అనే చిన్న పట్టణములో జన్మించారు. చిన్నతనములోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. చదువులో చురుకైనవారు గాని ఆరోగ్యము చాలని మనిషి. హల్లె పట్టణములో ఫ్రాంకె అనే భక్తుడు అనాథ శరణాలయమును, పాఠశాలలను నడుపుచుండెడివాడు. ఆ భక్తుని ప్రభావము ఈ యువకునిపై గాఢముగా పడినది. ఆ కాలములోనే డెన్మార్కు రాజు నాల్గవ ఫ్రెడరిక్ తన రాజ్యమునకు చెందిన హిందూదేశపు రేవుకు సువార్తికులను పంపదలచి మనుష్యులకొరకు వెదకెను. డెన్మార్కులో ఎవరూ దొరకనందున జర్మనీనుండి జీగెన్‌బాల్గ్, ఆయన స్నేహితుడు ప్లూచౌ పిలువబడ్డారు. 1705 నవంబరులో కోపెన్‌హేగన్‌లో అభిషేకము పొంది, అదే నెలలో సోఫియా హెడ్విగ్ అనే ఓడ ఎక్కి, 1706 జూలై 9న తరంగంబాడి చేరారు. అప్పటికి జీగెన్‌బాల్గ్‌కు ఇంచుమించు ఇరువదినాలుగు ఏండ్లు.

రాజు పంపిన మనుష్యులకు రేవులో గౌరవము జరుగుననుకుంటాము. జరిగినది అది కాదు. కోట అధికారియైన హాసియస్‌కు వీరి రాక ఎంతమాత్రము ఇష్టము లేదు. కొన్ని దినములు వారిని ఓడ దిగనివ్వలేదు. దిగిన తరువాత కోట వాకిట గంటల తరబడి నిలువబెట్టి, పిదప వీధిలో వదలి వెళ్లారు. చివరికి ఒక ఉద్యోగి జాలిపడి బస చూపించాడు. సువార్త చెప్పవచ్చినవారికి తల దాచుకొనుటకు చోటు లేకపోయినది. ఇంటి కథ చెప్పుకుంటున్న మనము ఈ సంగతి మరువరాదు.

ఆ తరువాత ఆయన చేసిన మొదటి పని ప్రసంగము కాదు, అక్షరాభ్యాసము. ఒక వృద్ధుడైన పంతులుగారిని బతిమాలి, ఆయన వీధిబడిని తమ ఇంటికే రప్పించుకున్నారు. పిల్లల నడుమ నేలమీద కూర్చుండి, ఇసుకలో వ్రేలితో తమిళ అక్షరములు దిద్దారు. విశ్వవిద్యాలయము చూచివచ్చిన తెల్లదొర పసిపిల్లల ప్రక్కన కూర్చుండుట ఆ ఊరివారికి వింతగా తోచియుండును. అయితే ఏడాది తిరుగకముందే ఆయన తమిళములో మాట్లాడగలిగారు. తాటాకు పుస్తకములను వెదకి వెదకి కొని, చదివి, 1708 నాటికే వాటికొక పట్టిక తయారుచేశారు.

1707 మే నెలలో ఐదుగురికి మొదటి బాప్తిస్మము ఇయ్యబడినది. వారెవరో గమనించండి. వారు తరంగంబాడిలోని యూరపువారి ఇండ్లలో బానిసలుగా ఉన్నవారు. అదే సంవత్సరము ఆగస్టులో చిన్న దేవాలయము ప్రతిష్ఠింపబడినది. ఆడపిల్లలకు కూడా బడి మొదలైనది. బీదలపక్షముగా మాట్లాడే ఈ పాదిరి కోటవారికి కంటగింపైనాడు. ఒక బీద విధవరాలికి న్యాయము జరుగవలెనని పట్టుబట్టినందున హాసియస్‌తో వైరము ముదిరి, 1708 నవంబరులో జీగెన్‌బాల్గ్ కోటలో ఖైదు చేయబడ్డారు. నాలుగు నెలలు అక్కడ గడిపారు. క్రైస్తవ రాజు పంపిన సువార్తికుని చెరలో వేసినది క్రైస్తవ అధికారియే.

ఖైదుకు కొన్ని వారముల ముందే ఆయన క్రొత్త నిబంధనను తమిళములోనికి తర్జుమా చేయ మొదలుపెట్టారు. 1711 మార్చిలో ఆ పని ముగిసినది. అచ్చు వేయుటకు యంత్రము కావలెను. లండనులోని క్రైస్తవ జ్ఞానాభివృద్ధి సంఘమువారు ముద్రణాయంత్రమును పంపారు. హల్లెలో తమిళ అచ్చు అక్షరములు పోతపోసి పంపారు. అవి పెద్దవగుటచేత కాగితము ఎక్కువ ఖర్చగుచుండెను. అందుచేత తరంగంబాడిలోనే చిన్న అక్షరములు పోసుకున్నారు. కాగితము కొరవడగా కాగితపు కర్మాగారమును కూడా పెట్టుకున్నారు. 1714లో సువార్తలు, అపొస్తలుల కార్యములు వెలువడ్డాయి. 1715లో క్రొత్త నిబంధన పూర్తిగా ముద్రింపబడినది. ఒక భారతీయ భాషలో అచ్చయిన మొదటి క్రొత్త నిబంధన అదే. డెన్మార్కు రాజు, జర్మను లూథరనులు, ఇంగ్లీషు ఆంగ్లికనులు, తమిళ పంతుళ్లు, పనివారు అందరును ఈ ఒక్క పనిలో చేయి కలిపారు. సంఘైక్యత అనే మాట మనలో వాడుకకు రాకముందే ఆ ఇంటిలో దాని పని జరిగినది.

ఇంతకన్నను ఆశ్చర్యకరమైన మరియొక సంగతి ఉన్నది. ఆయన ఈ దేశస్థుల మతమును, ఆచారములను ఓర్పుతో అడిగి తెలుసుకున్నారు. పండితులకు ప్రశ్నలు వ్రాసి పంపి, వారి ఉత్తరములను జర్మను భాషలోనికి మార్చారు. దక్షిణ భారతపు దేవతలను గూర్చి 1713లో పెద్ద గ్రంథము వ్రాసి హల్లెకు పంపారు. అన్యమతమును తొలగించుటకు పంపబడినవారు దానిని యూరపులో ప్రచారము చేయుట తగదని ఫ్రాంకె దానిని అచ్చువేయలేదు. 1867లో గాని ఆ గ్రంథము మద్రాసులో వెలుగు చూడలేదు. ఆయన విగ్రహారాధనను అంగీకరించలేదు. కాని పొరుగువాడు చెప్పేది వినకుండ పొరుగువానికి బోధించరాదని ఆయన పని తీరు మనకు నేర్పుచున్నది.

1714లో ఆయన యూరపు వెళ్లి, మరుసటి సంవత్సరము మరియ దొరోతియ అను ఆమెను వివాహమాడి, 1716లో తన తమిళ వ్యాకరణమును హల్లెలో అచ్చువేయించి, అదే ఏట తిరిగివచ్చారు. దేశీయ ఉపదేశకులను తయారుచేయుటకు పాఠశాల తెరిచారు. 1718 అక్టోబరు 11న న్యూ జెరూసలేము దేవాలయమును ప్రతిష్ఠించారు. అది నేటికిని నిలిచియున్నది.

సరిగా ఇక్కడే ఆయనకు గొప్ప శ్రమ కలిగినది. ఈసారి అది కోటనుండి గాక స్వజనమునుండియే వచ్చినది. కోపెన్‌హేగన్‌లోని మిషను సభ కార్యదర్శియైన వెంట్ అనే ఆయన అభిప్రాయము వేరు. అపొస్తలులు ఇండ్లు, గుడులు కట్టుకొనలేదు గనుక మిషనరీలు కూడా కట్టడములు మాని ఊరూర తిరుగవలెనని, డబ్బు వ్యర్థమగుచున్నదని కఠినముగా వ్రాశాడు. రోగముతో కృశించుచున్న జీగెన్‌బాల్గ్‌ను ఆ నిందలు లోతుగా గాయపరచాయి. 1719 ఫిబ్రవరి 23న, ముప్పదియారవ ఏట, ఆయన ప్రభువునందు నిద్రించారు. తాను కట్టించిన దేవాలయములోనే సమాధి చేయబడ్డారు.

వెంట్ అడిగిన ప్రశ్నను మనము తేలికగా త్రోసివేయరాదు. సంఘము గోడల మోజులో పడి మనుష్యులను మరచిన దినములు లేకపోలేదు. అయితే తరంగంబాడి చరిత్ర ఒక జవాబు చెప్పుచున్నది. అచ్చుయంత్రమునకు కప్పు కావలెను. పిల్లల బడికి వసారా కావలెను. తర్జుమా చేయువానికి దీపము, బల్ల కావలెను. ఆ కట్టడములు వైభవముకొరకు కట్టినవి కావు, పనికొరకు కట్టినవి. ఆయన పోయిన పదునాలుగు సంవత్సరములకు, 1733లో, ఆరోను అనే తమిళుడు ఆ మిషనులో పాదిరిగా అభిషేకింపబడ్డాడు. ఇసుకలో దిద్దిన అక్షరములు వ్యర్థము కాలేదు.

తెలుగువారమైన మనకు కూడా అందులో పాలున్నది. 1719లో తరంగంబాడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్, జీగెన్‌బాల్గ్ రూతు గ్రంథమువరకు చేసి విడిచిన పాత నిబంధన తమిళ తర్జుమాను పూర్తిచేశారు. తరువాత మద్రాసుకు వెళ్లి, అక్కడ తెలుగు నేర్చి, బైబిలును తెలుగులోనికి తర్జుమా చేశారు. ఆ తర్జుమా అచ్చు కాలేదు గాని, ఆయన తెలుగు చిన్న పుస్తకములు హల్లెలో 1746, 1747 ప్రాంతములో అచ్చయినాయి. మిషనరీలు 1805లో విశాఖపట్నము రేవులో దిగుటకు చాలా ముందే సువార్త తెలుగు లిపిలో అచ్చెక్కినది.

2004 డిసెంబరు సునామీ తరంగంబాడిని కొట్టినది. ఆ పిదప పాత కట్టడములను కాపాడు పని జోరందుకొన్నది. తమిళ ఎవాంజలికల్ లూథరన్ సంఘమువారు, హల్లెలోని ఫ్రాంకె సంస్థలవారు కలిసి పనిచేసినందున జీగెన్‌బాల్గ్ ఇల్లు బాగుపడి, 2017లో మ్యూజియముగా తెరువబడినది.

ప్రియ విశ్వాసులారా, మన మండలములో కూడా పెంకులు జారుచున్న మిషను బంగళాలు, చెద పట్టుచున్న బాప్తిస్మపు రిజిస్టర్లు, ముండ్ల పొదలు కమ్మిన సమాధులు ఉన్నాయి. అక్కడ దొరలు మాత్రమే పనిచేయలేదు. మన తాతలకు అక్షరము నేర్పిన పంతుళ్లు, బైబిలు స్త్రీలు, వంటవారు, బండి తోలినవారు అందరును పనిచేశారు. వారి పేర్లు ఆ రిజిస్టర్లలో తప్ప మరెక్కడా లేవు. ఈ శతవార్షికోత్సవ సంవత్సరములో ప్రతి సంఘము తన పాత రిజిస్టరును భద్రపరచి, తన పాత కట్టడము ముందు దాని కథ చెప్పే ఒక పలక నిలువబెట్టినయెడల అది గొప్ప కానుక కాగలదు. మన పిల్లలు ఈ రాళ్లేమిటని తప్పక అడుగుతారు. జవాబు చెప్పగలవారముగా ప్రభువు మనలను ఉంచును గాక. ఆమేన్.