తల్లి ఒడియే మొదటి బడి
(కొమీనియసుగారి జీవితము)

పాఠము: మత్తయి సువార్త 2:13–15

హేరోదు భయముచేత యోసేపును మరియయు శిశువైన యేసును తీసికొని రాత్రివేళ ఐగుప్తునకు పోయిన సంగతి మనమెరుగుదుము. ఆ దారిలో శిశువు కండ్లకు కనబడినది రాజు కాదు, తల్లి ముఖము. యుద్ధమువలన ఇల్లు విడిచిన బిడ్డలందరి సంగతియు ఇట్టిదే. దీనిని అనుభవించి తెలిసికొనిన యొక సేవకుని గూర్చి ఈ నెల చెప్పుకొందము.

జాన్ ఆమోస్ కొమీనియసు 1592 మార్చి 28న, ఇప్పటి చెకు దేశములోని మొరావియ సీమలో జన్మించెను. తలిదండ్రులు యాన్ హుస్‌గారి బోధ ననుసరించిన సహోదరుల సంఘమువారు. ఆయనకు పండ్రెండేండ్లు వచ్చునప్పటికి తల్లియు తండ్రియు తోబుట్టువులలో ఇద్దరును చనిపోయిరి. దగ్గరి బంధువురాలొకతె ఆ బాలుని తన యింట చేర్చుకొనెను. 1605లో శత్రువుల దండు వచ్చి ఆ ఊరిని కాల్చివేసెను. ఇల్లు పోయెను, బడియు పోయెను. పదునారవ యేట గాని ఆయన లాటిను పాఠశాలలో చేరలేకపోయెను.

తరువాత ఆయన ఫుల్నెకు పట్టణమున కాపరి ఆయెను. 1620లో చెకు ప్రొటెస్టంటుల సేన ఓడిపోయెను. మరుసటి యేట సైనికులు ఫుల్నెకును దోచుకొనిరి. ఆయన దాగి తిరుగుచుండగా 1622లో భార్యయు ఇద్దరు పసిబిడ్డలును తెగులుచేత మరణించిరి. ఆయన మరల వివాహము చేసికొనెను. 1628లో, మతము మార్చుకొనని వారు దేశము విడువవలెనని ఆజ్ఞ కలుగగా, ఆయన చలికాలములో పోలెండులోని లెష్నో పట్టణమునకు వలసపోయెను. స్వదేశములో మరల నివసించుటకు ఆయనకు వీలు కలుగలేదు.

అక్కడ ఆయన తల్లుల కొరకు ఒక చిన్న పుస్తకము వ్రాసెను. అది 1633లో జర్మను భాషలో అచ్చయెను. ఆరేండ్లలోపు బిడ్డకు తల్లి ఒడియే బడి యని అందులో బోధించెను. నీళ్లు, నిప్పు, రాయి, చెట్టు, వెలుగు, చీకటి, ఆట, పాట, ప్రార్థన, ఇవియే పాఠములు. ఊరు కాలినను ఈ బడి బిడ్డతోకూడ నడిచి వచ్చును.

1656లో లెష్నోయు తగులబడెను. నలువది యేండ్లు కూర్చిన చెకు నిఘంటువు వ్రాతప్రతి బూడిదయెను. తాను బాల్యమందు చూచిన కష్టమునే ఇప్పుడు ఆయన పిల్లలును చూచిరి. కుటుంబము ఆమ్‌స్టర్‌డాము చేరెను. రెండేండ్లకు, 1658లో, ఆయన రచించిన బొమ్మల పాఠపుస్తకము వెలువడెను. అందులో కాకి కూతతోను గొర్రెపిల్ల అరపుతోను అక్షరములు నేర్పెను. అన్నియు పోగొట్టుకొనిన ముసలివాడు, ఏ దేశపు బిడ్డయైనను నవ్వుచు చదువుకొను పుస్తకమును చేసెను. ఆయన 1670లో మరణించెను.

చదువరులారా, తల్లి ఒడియే బడియైనచో, తల్లి లేని బిడ్డ యెక్కడ చదువుకొనును? కొమీనియసుగారి బాల్యమే దీనికి జవాబు. బంధువు ఇల్లు తెరచెను, సంఘము బడి తెరచెను. మా గ్రామపు పొలిమేరలో ఇటుకబట్టీలకు పరదేశపు కుటుంబములు వచ్చును. మేము పెద్దల పేర్లు అడిగితిమి గాని పిల్లల పేర్లు అడుగలేదు, సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము. ఈ నెలలో పలక, బలపము తీసికొని వారియొద్దకు వెళ్లుదము. ఐగుప్తులో శిశువైన యేసుకు ఎవరో ఒకరు నీడ నిచ్చి యుందురు గదా.