బెజవాడకు రైలు బాట వేసిన దివాన్

వరంగల్, ఖమ్మం మీదుగా సికింద్రాబాద్ నుంచి విజయవాడకు రైలు 1889లో వచ్చింది. ఆ రైలు వ్యవస్థకు పునాది వేసిన మనిషి మాత్రం దాన్ని చూడకుండానే ఇంతెకాల్ అయ్యారు. ఆయనే మీర్ తురాబ్ అలీ ఖాన్, అంటే మొదటి సాలార్‌జంగ్.

1829లో పుట్టిన ఆయన 1853లో హైదరాబాద్ దివాన్ అయ్యారు. అప్పటికి వయసు 24 ఏళ్లే. ఖజానా ఖాళీ. సైన్యం ఖర్చు బాకీ కింద సారవంతమైన బేరార్‌ను నిజాం అంతకు కొద్ది రోజుల ముందే కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. కొన్ని తాలూకాలు అరబ్బు సర్దార్ల దగ్గర తాకట్టులో ఉన్నాయి.

సాలార్‌జంగ్ ముందు లెక్కలు సరిచేశారు. తాకట్టు తాలూకాలను విడిపించారు. శిస్తు వసూలు గుత్తేదార్ల చేతిలోంచి తీసి, జీతం తీసుకునే అధికారులకు ఇచ్చారు. 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించారు. దారుల్ ఉలూమ్ విద్యాసంస్థ కూడా ఆయన హయాంలోనే మొదలైంది.

1857లో ఆయన బ్రిటిష్ వాళ్ల పక్షాన నిలబడ్డారు. రెసిడెన్సీ మీద దాడికి దిగిన తుర్రేబాజ్ ఖాన్ ప్రాణం పోగొట్టుకున్నారు, మౌల్వీ అలావుద్దీన్ అండమాన్ జైలు పాలయ్యారు. రాజ్యం నిలిచింది గానీ ఈ విమర్శ సాలార్‌జంగ్‌ను ఇప్పటికీ వదల్లేదు. అంత సాయం చేసినా బేరార్ తిరిగి రాలేదు. దానికోసం చివరిదాకా అడుగుతూనే ఉన్నారు. 1876లో ఇంగ్లండ్ వెళ్లి మర్యాదలు అందుకున్నారు తప్ప బేరార్ దక్కలేదు.

ఆయన హయాంలోనే 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు నడిచింది. బొంబాయి–మద్రాసు లైనుతో హైదరాబాద్ కలిసింది. డబ్బు నిజాం ప్రభుత్వానిదే. సొంత ఖర్చుతో లైను వేయడం భారమే, కానీ సముద్రానికి దూరంగా ఉన్న రాజ్యానికి సరుకు రవాణా కావాలంటే మరో దారి లేదు.

1883 ఫిబ్రవరి 8న కలరా వచ్చి ఆయన కన్నుమూశారు. అదే ఏడాది లైను పొడిగింపు పని లండన్‌లో ఏర్పడిన కంపెనీ చేతికి వెళ్లింది. లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకు వడ్డీ చెల్లిస్తామని నిజాం ప్రభుత్వం హామీ ఇవ్వాల్సి వచ్చింది. ఆ షరతుల మీద హైదరాబాద్‌లో పెద్ద గొడవే జరిగింది. చివరికి లైను వరంగల్, డోర్నకల్ దాటి బెజవాడ చేరింది. సింగరేణి బొగ్గుకు కృష్ణా తీరం దాకా దారి పడింది.

సాలార్‌జంగ్ పేరు చెబితే అందరికీ మ్యూజియమే గుర్తొస్తుంది. అది మనవడు మూడో సాలార్‌జంగ్ సేకరణ. తాత వదిలి వెళ్లింది అప్పుల ఊబి నుంచి లేచిన ఒక రాజ్యం, దాన్ని బయటి లోకంతో కలిపిన రైలు పట్టాలు.