కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి

అండమాను దీవులలో ఫీనిక్స్ బే అను రేవు కలదు. ఇతర దీవులకు పోవు పడవలు అచ్చటనుండి బయలుదేరును. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిరు పట్టణములో అది యొక భాగము. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి పదముగ్గురు తెలుగువారు; వారిలో అనేకులు శ్రీకాకుళ తీరమునుండి సముద్రము దాటి పోయినవారు. అచ్చటి తెలుగు సంఘములలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడబడునప్పుడు, ఆ వలసవారి సీమలోనే వెలసిన యొక కంఠము వారిని వెంబడించి వచ్చినదని చెప్పవచ్చును. ఆ కంఠము పురుషోత్తమ చౌదరిగారిది.

ఆయన 1803 సెప్టెంబరు 5వ తేదీన పర్లాకిమిడి ప్రాంతమందలి మదనాపురములో జన్మించిరి. ఆ సీమ అప్పుడు చెన్నపురి రాజధానిలోని గంజాము జిల్లాకు చెందియుండెను. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. వారు వంగదేశమునుండి వచ్చిన బ్రాహ్మణ కుటుంబమువారు, వైష్ణవ భక్తులు. తండ్రి పేరు శ్రీకూర్మ క్షేత్రమును జ్ఞాపకము చేయుచున్నది. ఇంట ఒక భాష, వీధిలో ఓఢ్రము, పండితులయొద్ద సంస్కృతము, వీటన్నిటితోపాటు తెలుగు. బాలుడు పలుభాషల సరిహద్దున పెరిగెను. అయినను హృదయము విప్పుటకు ఆయన ఎన్నుకొనినది తెలుగు.

అప్పటికి తెలుగులో సువార్త క్రొత్తగా వినబడుచుండెను. లండను మిషనువారు 1805లో విశాఖపట్టణము చేరిరి. డేగ్రాంజిగారును, బ్రాహ్మణ క్రైస్తవుడైన ఆనందరాయరును కలిసి తర్జుమా చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యెను. అట్టి ముద్రిత పత్రములే యువకుడైన చౌదరిగారి చేతికిని చిక్కెను. ఆయన తొందరపడి విశ్వసించిన వ్యక్తి కాదు. చదివిరి, పోల్చి చూచిరి, సంవత్సరములు గడపిరి. శ్రీకాకుళములో హెలెన్ నాట్ అను క్రైస్తవ స్త్రీ ఆయన సందేహములను ఓపికతో విని దారి చూపెను. తుదకు 1833లో కటకములో బాప్తిస్మము పొందిరి. అప్పుడాయనకు ముప్పది యేండ్లు.

ఆ దినములలో బ్రాహ్మణుడు బాప్తిస్మము పొందుట యనగా ఏమి? బంధువుల దృష్టిలో అతడు మృతుడు. పంక్తిభోజనము లేదు, ఆస్తి లేదు, తల దాచుకొను గడప లేదు. వీటన్నిటికంటె బాధాకరమైనది భార్య రాధామణిదేవి ఎడబాటు. ఆమె భర్తను విడువదలచినదికాదు, ఆమెవారు పంపనిచ్చినదికాదు. కొంతకాలము తరువాత ఆమె ధైర్యము వహించి భర్తను చేరి, ఆయన విశ్వాసమునే తన విశ్వాసముగా చేసికొనెను. చౌదరిగారి పశ్చాత్తాప కీర్తనలలోని ఆర్తిని కేవలము కవిసమయమని తలంచువారు ఈ సంవత్సరములను మరచుచున్నారు.

తరువాత ఆయన సువార్త సేవలో ఉత్తర సర్కారులలోను, ఇతర తెలుగు ప్రాంతములలోను సంచరించిరి. గ్రంథములు వ్రాసిరి. వాటిలో యేసునాయక శతకము, నిస్తార రత్నాకరము, కులాచార పరీక్ష ప్రసిద్ధములు. కాని సంఘము ఆయనను జ్ఞాపకముంచుకొనినది కీర్తనలనుబట్టియే. అవి నూరుకు పైబడియున్నవి.

ఆ కీర్తనల విలువ తెలియవలెనన్న అప్పటి ఆరాధనను తలంచుకొనవలెను. దొరలు ఆంగ్ల కీర్తనలను తర్జుమా చేయించి ఆ రాగములకే కట్టుచుండిరి. ఆంగ్ల రాగములో మాట ఎక్కడ నొక్కబడునో, తెలుగు మాట అక్కడ నొక్కబడదు. దీర్ఘము హ్రస్వమగును, హ్రస్వము సాగిపోవును. పాడువానికి భావము చేరదు. చౌదరిగారు ఈ చిక్కును తర్జుమాతో విప్పక, వేరొక ద్వారమున ప్రవేశించిరి. పల్లవి, అనుపల్లవి, చరణములుగల కీర్తనను, దానితోపాటు రాగతాళములను సంఘమునకు తెచ్చిరి. త్యాగరాజు 1847వరకు జీవించియుండెను. చౌదరిగారి యౌవనము ఆ భక్తిగాన యుగములోనిదే.

ఇందులో అపాయమును లేకపోలేదు. ముక్తి, కరుణ, శరణు, పాదసేవ అను మాటలు అంతకుముందే మరియొక అర్థముతో నిండియుండెను. ఆయన ఆ మాటలను పారవేయలేదు. సిలువయొద్దకు తీసికొనిపోయి నిలువబెట్టిరి. శరణు వేడువాడు తన పుణ్యమును చూపక, తనకొరకు కార్చబడిన రక్తమును చూపును. వేదాంత విద్యార్థులు పుటలకొలది వ్రాసి చెప్పవలసిన భేదమును ఆయన ఒక చరణములో నిలిపిరి. అయితే సంస్కృత సమాసముల బరువు కొన్నిచోట్ల ఎక్కువైనదనుట నిజమే.

ఆ బరువును మోసినదెవరు? ఆయన వృద్ధాప్యములో తెలుగుదేశమున సంఘము పండితుల మధ్య గాక మాల మాదిగ పల్లెలలో పెరిగెను. 1878 జూలైలో ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అక్షరము తెలియని ఆ క్రొత్త విశ్వాసుల తరములు కులాచార పరీక్ష వ్రాసిన బ్రాహ్మణుని కీర్తనలను కంఠస్థము చేసి, తాళమువేసి పాడిరి. పదముల అర్థము కొంత తెలియకపోయినను, రాగము వారిని దానియొద్దకు నడిపెను. దేవాలయపు గడప తొక్కనియ్యబడని వారి నోట ఆ భాష, ఆ రాగములు పలికెను.

చౌదరిగారు 1890 ఆగస్టు 23వ తేదీన, ఎనుబదియారేండ్ల ప్రాయమున ప్రభువునందు నిద్రించిరి. ఆయన పుట్టిన సీమలోని పర్లాకిమిడి పట్టణము 1936లో ఒరిస్సా రాష్ట్రములో చేరెను. ఆయన కీర్తనలు మాత్రము లూథరనులు, బాప్తిస్టులు, దక్షిణ ఇండియా సంఘమువారు అందరును ఉపయోగించు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథములో నేటికిని ఉన్నవి.