గుంటూరు డాక్టరమ్మ: అన్నా కుగ్లర్ గారి జీవితము

ధ్యాన భాగము: లూకా సువార్త 10వ అధ్యాయము, 25 నుండి 37 వచనములు



మంచి సమరయుని కథ ఎరుగనివారు మనలో లేరు. సండేస్కూలు పిల్లలు సహితము దానిని ఒప్పజెప్పగలరు. అయితే దానిని చెప్పుకొనునప్పుడు మనము తరచుగా దారిలోనే ఆగిపోవుదుము. సమరయుడు జాలిపడెను, గాయములు కట్టెను అని చెప్పి ముగింతుము. ఆ తరువాత అతడు చేసిన పని ఇంకను పెద్దది. గాయపడినవానిని తన వాహనముమీద ఎక్కించెను, పూటకూళ్ల యింటికి చేర్చెను, ఆ రాత్రి దగ్గరనుండి చూచుకొనెను, మరునాడు ఖర్చునకు సొమ్ము ఇచ్చి, మిగిలినది తరువాత తీర్చుటకు ఒప్పుకొనెను.

ఆ యిల్లు అక్కడ లేనియెడల, దారిలో కట్టిన కట్టు ఎంతసేపు నిలుచును? ఈ ప్రశ్నకు తన యావజ్జీవముతో జవాబు చెప్పిన యొక స్త్రీని ఈ మాసము జ్ఞాపకము చేసికొందము.

అన్నా సారా కుగ్లర్ గారు 1856 ఏప్రిల్ 19వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో ఆర్డ్‌మోర్ అను ఊరిలో జన్మించిరి. స్త్రీలు వైద్యము చదువుట ఆ దేశములో సైతము అరుదుగానున్న దినములవి. ఆమె పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాలలో చేరి 1879లో పట్టము పొందిరి. తరువాత నారిస్‌టౌన్ అను చోట మతి చలించినవారి ఆసుపత్రిలో రెండేండ్లు పనిచేసిరి. గుంటూరు మిషనులో సేవచేసిన ఆడమ్ రో దొరగారి ఉత్తరము అంతలో ఆమెకు అందెను. తెలుగు స్త్రీలు వైద్యము లేక పడుచున్న బాధ అందులో కనబడెను.

ఆ బాధ యెట్టిదో నేటి పిల్లలకు చెప్పవలసియున్నది. ఘోషా పాటించు ఇండ్లలో కాన్పు కష్టమై స్త్రీ ప్రాణముమీదికి వచ్చినను, పురుషుడైన డాక్టరు ఆమె గదిలో అడుగు పెట్టరాదు. మంత్రసాని తనకు తెలిసినది చేయును. ఆమె చేతులెత్తినప్పుడు తల్లియు బిడ్డయు కలిసి పోవుదురు. ఊరిలో డాక్టరు ఉండియు లేనట్లే.

కుగ్లర్ గారు వచ్చుటకు సిద్ధపడిరి గాని పంపువారు సిద్ధముగా లేరు. లూథరన్ సంఘపు స్త్రీల మిషనరీ సమాజము వైద్యపు పనిని అప్పటికి తలకెత్తుకొనలేదు. స్త్రీల మధ్య బోధపనికే ఆమెను పంపిరి. డాక్టరుగా గాక బోధకురాలిగా ఆమె 1883 నవంబరులో గుంటూరు చేరిరి. అభిమానపడి ఇంట కూర్చుండలేదు. చెప్పిన పని చేయుచునే, తన వసారాలోనికి వచ్చిన రోగులను చూచిరి, పిలిచిన ఇండ్లకు వెళ్లిరి. మొదటి సంవత్సరముననే నాలుగు వందలమందికి పైగా చికిత్స చేసిరి. పరజాతి స్త్రీ తాకిన మైలపడుదుమని తలంచు ఇండ్లు ఆ కాలమున అనేకము. అట్టి గడపలు సహితము ప్రాణాపాయము వచ్చినప్పుడు ఆమెకు తెరువబడెను. 1885 డిసెంబరులో సమాజమువారు ఆమెను వైద్య మిషనరీగా నియమించిరి. మరుసటి ఏట మందులిచ్చు డిస్పెన్సరీ పని మొదలాయెను.

మందు సీసా చేతికిచ్చి పంపుట దారిలో కట్టు కట్టుటవంటిది. ఆపరేషను చేయవలసిన స్త్రీని ఎక్కడ పరుండబెట్టవలెను? రాత్రి జ్వరము హెచ్చిన ఎవరు కనిపెట్టుకొని యుందురు? ఇల్లు కావలెను. 1889లో సెలవుమీద స్వదేశమునకు వెళ్లినప్పుడు ఆమె ఈ మాటయే సంఘములకు చెప్పిరి. అక్కడి స్త్రీలు కానుకలు కూర్చిరి. 1893లో డిస్పెన్సరీ కట్టడమును, 1897 జూన్ 23వ తేదీన 50 పడకల ఆసుపత్రియు తెరువబడెను. ఆమె గుంటూరులో కాలు పెట్టిన పదునాలుగవ ఏట ఇది జరిగెను. ఆ పదునాలుగేండ్లలో ఇల్లు లేనందున ఎందరు పోయిరో దేవునికే తెలియును. ఆలస్యమును చూచి ఆమె విసిగి తిరిగిపోలేదు. ఆలస్యము దైవచిత్తమని ఊరకుండనులేదు. ఉన్నదానితో నేడు చేయదగినది నేడు చేసి, లేనిదానికొరకు అడుగుచునేయుండిరి.

డాక్టరు మేరీ బేర్ గారును, నర్సు కాథరిన్ ఫాస్ గారును వచ్చి ఆమెకు తోడైరి. తెలుగు పిల్లలు నర్సు పని నేర్చుకొనిరి. కులము అడుగక అందరికిని ఆ వాకిలి తెరచియుండెను.

మన పొరుగుననున్న ఏలూరు జమీందారు మంత్రిప్రెగడ భుజంగరావు గారు తెలుగు కవి, హిందువు. తన యింటివారికి కుగ్లర్ గారు చేసిన వైద్యమునకు కృతజ్ఞతగా ఆయన ఆ ఆసుపత్రి యెదుట, రోగుల బంధువులు దిగుటకు సత్రము కట్టించిరి. దూరపు ఊళ్లనుండి బండి కట్టుకొని వచ్చినవారికి వంట చేసికొనుటకు, తల వాల్చుటకు చోటు దొరికెను. ప్రియులారా, సమరయుని కథలోని పూటకూళ్ల యిల్లు ఇదియే గదా! క్రీస్తు పేరట ఆసుపత్రి కట్టినది యొకరు, దానికి సత్రము చేర్చినది వేరొకరు. పొరుగువాడు ఎవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు పరాయివానినే చూపెను. మన తెలుగునేలమీద కూడ అట్లే జరిగెను.

ప్రభుత్వమువారు 1905లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చిరి. 1930 జూలై 26వ తేదీన ఆమె తాను కట్టించిన ఆసుపత్రిలోనే ప్రభువునందు నిద్రించిరి. గుంటూరు వచ్చి నలుబదియారేండ్లు నిండి నలుబదియేడవ ఏడు జరుగుచుండెను. ఆ ఆసుపత్రికి కుగ్లర్ ఆసుపత్రి అను పేరు వచ్చెను.

ఇక మన సంగతి. రసాలు, బంగినపల్లి కోతకు వచ్చినప్పుడు కొమ్మ విరిగి మనిషి క్రింద పడుట నూజివీడు తోటలలో క్రొత్త కాదు. రోడ్డుమీద మోటారు సైకిలు పడుటయు క్రొత్త కాదు. అందరును మూగుదురు, అయ్యో అందురు, కేసు అగునేమోయని ఎవడును చేయి వేయడు. యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోయినది ఇట్టి భయముతోనే కావచ్చును. మనకు ఆ సాకు లేదు. 2005నుండి మన రాష్ట్రమున 108 అను నంబరుకు ఫోను చేసిన అంబులెన్సు వచ్చుచున్నది. రోడ్డు ప్రమాదములో గాయపడినవానికి సాయపడినవారిని బాధింపకుండ 2016లో సుప్రీముకోర్టు నియమములు స్థిరపరచెను, 2019లో మోటారు వాహనముల చట్టములోను ఆ రక్షణ చేరెను. సహాయము చేసినవాడు తన పేరు చెప్పనక్కరలేదు. అట్టివానికి ఆ చట్టము పెట్టిన పేరు మంచి సమరయుడు అనియే.

చెట్టుమీదినుండి పడినవానిని లేవదీసి కూర్చుండబెట్టకుడి. మెడయు వెన్నును కదలనీయక 108కి ఫోను చేయుడి. నెత్తురు కారుచున్నయెడల శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టుడి. అంబులెన్సు కదిలిపోయినంతనే పని ముగిసెనని తలంపకుడి. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుండిన భార్యకు అన్నము క్యారేజీ ఎవరు తీసికొని పోవుదురు? ఇంటనున్న పిల్లలకు ఎవరు వండి పెట్టుదురు? ప్రతి సంఘములోను ఇద్దరు ముగ్గురు ఈ పనికి వంతు వేసికొనిన, మన గ్రామములలో కూడ ఒక సత్రము లేచినట్లే యగును.

కుగ్లర్ గారికి దేవుడు ఇచ్చిన ఓర్పును, తొందరను, రెంటిని మనకును అనుగ్రహించును గాక. ఆమేన్.