నంద్యాల రాళ్లను చదివిన బ్రూస్ ఫుట్

బెలూం గుహల్లోకి దిగినవాళ్లు అన్నిటికంటే లోతుగా వెళ్లేది పాతాళగంగ దగ్గరికి. నేలమట్టానికి సుమారు 150 అడుగుల కింద సన్నటి నీటి ధార కనిపిస్తుంది, అంతలోనే రాళ్ల అడుగున మాయమైపోతుంది. పైన చూస్తే కొలిమిగుండ్ల మండలంలో వానకోసం ఎదురుచూసే చేలు. కింద నీళ్లు పారుతుంటే పైన బోర్లు ఎందుకు ఎండిపోతున్నాయి? ఈ ప్రశ్నకు జవాబు రాయిలోనే ఉంది. ఆ రాయిని చదవడం బతుకుదెరువుగా పెట్టుకున్న మనిషి రాబర్ట్ బ్రూస్ ఫుట్. బెలూం గుహలను 1884లో రికార్డులకు ఎక్కించింది ఆయనే.

గుహలను ఆయన కనిపెట్టారని అందరూ రాస్తుంటారు. ఆ మాట పూర్తిగా సరికాదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు గుహలు ముందే తెలుసు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే జైన, బౌద్ధ సన్యాసులు అక్కడ ఉండేవారని చెబుతారు. ఫుట్ చేసింది వేరే పని. చూసినదాన్ని ఎక్కడుందో, ఎలా ఉందో కాగితం మీద పెట్టారు.

ఫుట్ 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టారు. 1858 డిసెంబరులో భారత భూగర్భ సర్వే సంస్థలో చేరి మద్రాసు రాష్ట్రానికి వచ్చారు. ఉద్యోగం అంటే ఆఫీసులో కుర్చీ కాదు. ఎద్దుబండ్లు, డేరాలు, గుర్రం, సుత్తి. ఏ తాలూకాలో ఏ రాయి ఉంది, అది ఎటు వాలింది అని నడిచి చూసి మ్యాపు మీద రంగులు వేయాలి. తమిళ పండితుడిగా పేరున్న పాదరీ పీటర్ పెర్సివల్ కూతురిని ఆయన పెళ్లి చేసుకున్నారు.

1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో కంకర గుంటలో ఆయనకు ఒక చెక్కిన రాయి దొరికింది. అది మనిషి చేతితో చేసిన పనిముట్టు అని ఆయన గుర్తుపట్టారు. భారతదేశంలో రాతియుగం మనిషి ఉన్నాడని చెప్పడానికి అదే మొదటి గట్టి సాక్ష్యం. కొన్ని నెలలకే సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరాంపక్కం దగ్గర మరిన్ని పనిముట్లు దొరకబట్టారు. అప్పటినుంచి జీతం రాళ్ల సర్వేకి, మనసు మాత్రం పాత మనిషి జాడలకు అన్నట్టు సాగింది ఆయన జీవితం.

ఆ విలియం కింగ్ పేరు నంద్యాలవాళ్లు గుర్తుంచుకోవాలి. కడప, కర్నూలు రాళ్ల మీద ఆయన పెద్ద గ్రంథం 1872లో అచ్చయింది. మన ఊర్ల పేర్లే రాళ్లకు పెట్టారు. బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. అప్పటికి బనగానపల్లె నవాబుల సంస్థానం. మామిడి వల్ల లోకానికి తెలిసిన ఆ పేరు భూగర్భశాస్త్ర పుస్తకాల్లోనూ అలా ఉండిపోయింది. ఈ పేర్లు ఇవాళ్టికీ వాడుకలోనే ఉన్నాయి. మన ఇళ్లలో పరిచిన బేతంచెర్ల నాపరాళ్లు నార్జి సున్నపురాయి పొరలోవే.

ఫుట్‌ను మళ్లీ ఈ ప్రాంతానికి రప్పించింది ఎముకలు. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో పాత ఎముకలు ఉన్నాయని కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో రాశారు. తర్వాత నలభై ఏళ్లు దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. ఇంగ్లండులో ప్రసిద్ధ శాస్త్రవేత్త హక్స్‌లీ ఈ గుహలు తవ్విస్తే ఆదిమ మానవుడి ఆనవాళ్లు దొరకవచ్చని మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సూచించారు. గవర్నరు ఆ పని ఫుట్‌కు అప్పగించారు. ఫుట్ మొదలుపెట్టిన తవ్వకాన్ని ఆయన కొడుకు, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న హెన్రీ, 1885 దాకా కొనసాగించారు. గుహ మట్టిని పొరపొరగా తీశారు. తట్టలు మోసిన కూలీల పేర్లు మాత్రం పుస్తకాలకు ఎక్కలేదు.

దొరికింది ఏమిటి? ఇప్పుడు ఈ వైపు ఎక్కడా కనిపించని ఖడ్గమృగం ఎముకలు, హైనా ఎముకలు, ఇంకా ఎన్నో జంతువులవి. లిడెక్కర్ అనే నిపుణుడు వాటిని పరిశీలించి ఆ ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టారు. ఎముకతో చేసిన పనిముట్లు అనిపించేవీ బయటపడ్డాయి. కానీ హక్స్‌లీ ఆశించిన ఆదిమ మానవుడి అస్థిపంజరం దొరకలేదు. పైవాళ్లు కోరుకున్నది దొరకనప్పుడు, దొరికినదాన్నే పెద్దది చేసి చెప్పే అవకాశం ఎవరికైనా ఉంటుంది. ఫుట్ ఆ పని చేయలేదు. ఉన్నది ఉన్నట్టు రాశారు.

ఆయన అన్నీ సరిగ్గానే చెప్పారనీ కాదు. పాత రాతియుగానికీ కొత్త రాతియుగానికీ మధ్య ఈ దేశంలో పెద్ద ఖాళీ ఉందని ఆయన నమ్మారు. 1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తి ఇదే కర్నూలు గుహల్లో మళ్లీ తవ్వి, ఎముక పనిముట్లు మనిషివేనని చూపించారు. ఫుట్ ఉందనుకున్న ఖాళీ ఆయన తవ్విన చోటే కొంత నిండింది.

ఇక నీళ్ల సంగతి. ఫుట్ బోరు పాయింట్లు పెట్టిన మనిషి కాదు. అయితే ఇవాళ భూగర్భజల నిపుణుడు ముందుగా తెరిచేది ఆ తరంవాళ్లు మొదలుపెట్టిన రాళ్ల మ్యాపే. వాన నీరు గాలి, మట్టి నుంచి బొగ్గుపులుసు వాయువు కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. సున్నపురాయి పగుళ్లలో దిగి దాన్ని వేలయేళ్లు కరిగిస్తుంది. అలా పుట్టినవే బెలూం, బిల్లసర్గం. ఇలాంటి రాయిలో బోరు సొరంగానికి తగిలితే నీళ్లు పొంగుతాయి, పది గజాలు పక్కకు జరిగితే దుమ్మే వస్తుంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వైపు, నల్లమలకూ ఎర్రమలకూ మధ్య ఉన్న కుందూ లోయలో చాలాచోట్ల ఉన్నది వేరే రాయి. నంద్యాల పేరుతోనే పిలిచే పలకరాయి. అది మట్టి గట్టిపడినది, దానిలో నీరు నిలవడానికి చోటు తక్కువ. పగుళ్లు ఉంటేనే నీళ్లు. అప్పుచేసి ఒకదాని తర్వాత ఒకటి బోరు వేయించే రైతుకు, కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింట్ చూపించేవాడి కంటే, కింద ఉన్నది సున్నపురాయా పలకరాయా అన్న సంగతి ఎక్కువ పనికొస్తుంది.

33 ఏళ్ల సర్వీసు తర్వాత 1891లో ఫుట్ రిటైరయ్యారు. ఇంగ్లండుకు వెళ్లిపోలేదు. బరోడా, మైసూరు సంస్థానాలు ఆయన్ని పిలిపించుకుని తమ నేలను సర్వే చేయించుకున్నాయి. బళ్లారి జిల్లా రాళ్ల మీద ఆయన గ్రంథం 1895లో, బరోడా గ్రంథం 1898లో వచ్చాయి. చివరి ఏళ్లు సేలం జిల్లా ఏర్కాడు కొండ మీద గడిపారు. ఇల్లంతా తాను పోగుచేసిన రాళ్లు, కుండపెంకులతో నిండిపోయి ఉండేది. 1904లో వాటిని మద్రాసు మ్యూజియం తీసుకుంది. ఒక్కో వస్తువు ఎక్కడ దొరికిందో రాసిపెట్టే పనిలోనే ఆయన మిగతా కాలం గడిచింది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో చనిపోయారు. అస్థికలు ఏర్కాడు చర్చిలో ఉన్నాయి. ఆ వస్తువుల జాబితా 1914లో, దాని మీద ఆయన రాసిన నోట్సు 1916లో అచ్చయ్యాయి. చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికి వెళ్లినవాళ్లు ఆయన పోగుచేసిన రాతి పనిముట్లు ఇప్పటికీ చూడొచ్చు. బెలూం గుహలు మాత్రం ఆయన రాసిన తర్వాత దాదాపు వందేళ్లు అలాగే ఉండిపోయాయి. 1982, 83ల్లో గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపలంతా కొలిచింది. 2002లో సందర్శకుల కోసం తెరిచారు. 2022 ఏప్రిల్ 4 నుంచి అవి కొత్త నంద్యాల జిల్లాలో ఉన్నాయి.