లచ్చన్న వదులుకున్న స్థానం

1967 సార్వత్రిక ఎన్నికల్లో స్వతంత్ర పార్టీ లోక్‌సభలో 44 స్థానాలు గెలిచి, కాంగ్రెస్ తరువాత అతి పెద్ద పార్టీగా నిలిచింది. ఆ పార్టీ వ్యవస్థాపక అధ్యక్షుడు ఆచార్య ఎన్.జి. రంగా మాత్రం చిత్తూరులో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానాన్ని గెలిచిన గౌతు లచ్చన్న తన సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఉప ఎన్నికలో అక్కడినుంచి రంగా నెగ్గి పార్లమెంటుకు వెళ్లారు.

తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా విద్యార్థులు రెండు వర్గాలుగా చీలిపోతారు. కొందరికి ఇది గురుభక్తి. మరికొందరికి, ముఖ్యంగా వెనుకబడిన తరగతుల వసతిగృహాల నుంచి వచ్చిన పిల్లలకు, ఇది మింగుడుపడని సంగతి. గీత కులంలో పుట్టినవాడు గెలుచుకున్న పార్లమెంటు స్థానాన్ని గుంటూరు జిల్లా కమ్మ రైతు కుటుంబంలో పుట్టిన నాయకుడికి ఎందుకు అప్పగించాలి? ప్రశ్న న్యాయమైనదే. అయితే జవాబు ఆ ఒక్క సంవత్సరంలో దొరకదు.

లచ్చన్న 1909 ఆగస్టు 16న సోంపేట ప్రాంతంలోని బారువలో పుట్టారు. అప్పట్లో అది గంజాం జిల్లా. మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోట ఒకనాడు ఓడరేవుగా వెలిగిన ఊరు. తల్లిదండ్రులు రాజమ్మ, చిట్టయ్య. మోకు, ముత్తాదు, గీతకత్తి, లొట్టి తెలిసిన కులం వారిది. ఈ వృత్తికి తెలుగునాట ఒక్క పేరు లేదు. ఉత్తరాంధ్రలో యాత, శ్రీశయన, సెగిడి, గోదావరి తీరాన శెట్టిబలిజ, తెలంగాణలో గౌడ, మరోచోట ఈడిగ. చెట్టెక్కే పని ఒకటే అయినా పేర్లు వేరైనందువల్ల వీరు ఒకే రాజకీయ సమూహంగా తమను తాము గుర్తించుకోవడానికి చాలాకాలం పట్టింది. ఆ గుర్తింపు వెనుక లచ్చన్న శ్రమ ఉంది.

1930 ఉప్పు సత్యాగ్రహం నాటికి ఆయనకు ఇరవై ఒక్క ఏళ్లు కూడా నిండలేదు. చదువు వదిలి ఉద్యమంలోకి దిగారు, జైలుకు వెళ్లారు. అక్కడినుంచి 1942 దాకా జైలుకు పోవడం, రావడం, మళ్లీ పోవడం. ఆ తరం కార్యకర్తలందరి జీవితాల్లోనూ కనిపించే క్రమమే కనుక దానిపై ఎక్కువ నిలవనక్కరలేదు. ఆయనను తక్కినవారి నుంచి వేరుచేసింది జమీందారీ వ్యతిరేక పోరాటం. మందస, టెక్కలి, తర్ల వంటి జమీందారీల నడుమ బతికే రైతుకు తెల్లదొర కంటే ఎస్టేటు ఉద్యోగి దగ్గరి శత్రువు. అడవిలో కట్టెకూ, ఆకుకూ, పశువుల మేతకూ లెక్క చెప్పవలసిన బతుకు అది. రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురం నుంచే మద్రాసుకు బయలుదేరడం కాకతాళీయం కాదు.

1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. హౌరా–మద్రాసు రైలుమార్గంపై ఉన్న ఆ చిన్న ఊరికి దేశం నలుమూలల నుంచి రైతు నాయకులు వచ్చారు. దాన్ని సాధ్యం చేసిన స్థానిక కార్యకర్తల్లో లచ్చన్న ముందువరుసలో ఉన్నారు. సభ ముగిసిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసులు రైతులపై కాల్పులు జరిపారు. అడవినుంచి కట్టెలు తెచ్చుకున్నారన్నది వారిపై నేరం. అరెస్టు చేసినవారిని తీసుకుపోకుండా అడ్డుపడిన నిండు గర్భిణి గున్నమ్మ ఆ కాల్పుల్లో ప్రాణాలు విడిచింది. ఉద్దానంలో ఆమెను నేటికీ వీరగున్నమ్మ అనే పిలుస్తారు. లచ్చన్న రాజకీయాలకు పునాది ఎక్కడుందో తెలియాలంటే ఢిల్లీని కాదు, ఆ ఊరిని చూడాలి.

రంగాతో ఆయన బంధం ఈ రైతు ఉద్యమంలోనే గట్టిపడింది. 1951లో రంగా కాంగ్రెస్‌ను వీడి కృషికార్ లోక్ పార్టీ పెట్టినప్పుడు లచ్చన్న వెంట నడిచారు. మరుసటి ఏడాది మద్రాసు శాసనసభలో ఆ పార్టీకి 15 స్థానాలు వచ్చాయి. సోంపేట ప్రతినిధిగా లచ్చన్న సభలో అడుగుపెట్టారు.

ఇక మద్యనిషేధం సంగతి. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాతో మొదలుపెట్టిన నిషేధం స్వాతంత్ర్యం తరువాత మద్రాసు రాష్ట్రమంతటికీ విస్తరించింది. గాంధేయులకు అది నైతిక విజయం. తాటిచెట్టు మీద బతికే వారికి మాత్రం ఒక్క చట్టంతో తాతల నాటి వృత్తి నేరమైపోయింది. భూమిలేదు, వేరే పని చేతకాదు. సంస్కరణ ఫలం దేశానికి, ఖర్చు ఒక కులానికి. లచ్చన్న కూడా ఖద్దరు కట్టిన గాంధేయుడే. అయినా నిషేధం పేరుతో గీత కార్మికుడిని పోలీసుకు అప్పగించడాన్ని ఆయన ఒప్పుకోలేదు, వారిని కూడగట్టి సత్యాగ్రహం నడిపారు. సంస్కరణ భారం ఎవరి భుజాన పడుతోందన్న ప్రశ్నను మన రాజకీయాల్లో అంత సూటిగా అడిగినవారు అప్పటికి అరుదు.

1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. లచ్చన్న ఆయన మంత్రివర్గంలో పనిచేశారు. నిషేధం అమలును పరిశీలించిన ఎస్.వి. రామమూర్తి సంఘం దానిని ఎత్తివేయాలని సూచించింది. ప్రభుత్వం ఆ సూచనను పక్కన పెట్టింది. లచ్చన్న ఎదురుతిరిగారు. 1954 నవంబరు 6న నిషేధం మీద వచ్చిన ఓటింగులో ప్రకాశం ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. ఆంధ్రకేసరి పతనాన్ని వర్ణించే రచనలు ఎత్తుగడలనూ వెన్నుపోట్లనూ విపులంగా చెబుతాయి గాని, ఆ ఓటు వెనుక ఉన్న గీత కార్మికుడిని ఒక వాక్యంలో దాటేస్తాయి. కింది కులం జీవనోపాధి ప్రశ్న ఒక రాష్ట్ర ప్రభుత్వాన్ని పడగొట్టిన సందర్భం మన చరిత్రలో అదొకటి. 1955 మధ్యంతర ఎన్నికల తరువాత బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలోనూ ఆయన చేరారు.

1959లో సహకార వ్యవసాయం మీద కాంగ్రెస్ చేసిన నాగపూర్ తీర్మానానికి వ్యతిరేకంగా స్వతంత్ర పార్టీ పుట్టింది. రంగా వెంట లచ్చన్న అందులోకి వెళ్లారు. ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. రాజులు, మాజీ జమీందారులు, పెట్టుబడిదారులు కొలువుదీరిన పార్టీలో మందస పోరాటం చేసిన మనిషికి ఏం పని? భూమి చిన్నరైతు చేతుల్లోనే ఉండాలన్న రంగా వాదం ఆయనకు నిజాయితీగా నచ్చి ఉండవచ్చు. కాని ఉద్దానం పల్లెల్లో భూమేలేని వారికి ఆ వాదం ఏమీ ఇవ్వలేకపోయింది. 1967లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో స్వతంత్ర పార్టీ 29 స్థానాలతో ప్రధాన ప్రతిపక్షమైంది. అదే ఏడాది అక్టోబరు 31న లేవిడి వద్ద గిరిజనులపై కాల్పులు జరిగాయి, శ్రీకాకుళ సాయుధ పోరాటం రాజుకుంది. సోంపేట ప్రాంతపు బొడ్డపాడు నుంచి సుబ్బారావు పాణిగ్రాహి వంటి యువకులు ఆ దారిన నడిచారు. లచ్చన్న సొంత నేలమీద ఒక తరం ఆయన పార్టీని దాటి వెళ్లిపోయింది.

వెనుకబడిన తరగతుల రిజర్వేషన్ల విషయంలో మాత్రం ఆయన గొంతు మారలేదు. ప్రభుత్వం తయారుచేసిన జాబితాను న్యాయస్థానాలు కొట్టివేయడంతో 1968లో అనంతరామన్ కమిషన్ వచ్చింది. 1970 నివేదిక ఆధారంగా 25 శాతం రిజర్వేషన్లు, ఏ, బీ, సీ, డీ వర్గీకరణ అమలులోకి వచ్చాయి. బీసీ ఉద్యమాన్ని కులసంఘాల వినతిపత్రాల స్థాయి నుంచి శాసనసభలో రాజకీయ ప్రశ్న స్థాయికి తెచ్చిన వారిలో లచ్చన్న పేరు విడదీయరానిది. జై ఆంధ్ర ఉద్యమంలో పాల్గొన్నారు. అత్యవసర పరిస్థితిలో మళ్లీ జైలు చూశారు. 1978లో రాష్ట్రంలో జనతా పార్టీ 60 స్థానాలు గెలిచినప్పుడు ఆ పార్టీ పక్షాన శాసనసభలో ఉన్నారు.

తిరిగి 1967కు వస్తే, నా విద్యార్థుల కోపాన్ని నేను తోసిపుచ్చను. లచ్చన్న వైపు నుంచి చూస్తే శ్రీకాకుళం స్థానం కులానిది కాదు, రైతు ఉద్యమానిది. ఆ ఉద్యమం ఢిల్లీలో గొంతు కోల్పోకూడదనుకున్నారు. తన పని సోంపేటలో, శాసనసభలో ఉందనుకున్నారు. ఆ ఎంపికలో స్వార్థం లేదు. అయితే ఉద్యమానికి గొంతు ఎవరిదై ఉండాలన్న ప్రశ్న ఆనాడు ఆ పార్టీలో ఎవరూ వేయలేదు. గురువు ఓడితే శిష్యుడు స్థానం ఖాళీచేయడం సహజంగా తోచింది. శిష్యుడు ఓడినచోట గురువు ఖాళీచేసిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

లచ్చన్న 2006 ఏప్రిల్ 19న కన్నుమూశారు. ఆయన తరువాత కుమారుడు శ్యామసుందర శివాజీ, 2024లో పలాస నుంచి మనుమరాలు శిరీష శాసనసభకు వెళ్లారు. నాగావళి మీది తోటపల్లి బ్యారేజీకి సర్దార్ గౌతు లచ్చన్న పేరు పెట్టారు. బారువ ఆ ఆయకట్టులో లేదు.