మోటుపల్లి అభయదాత గణపతిదేవుడు

పెదకాకాని చుట్టుపట్ల పొలాలలో పండిన మిరప గుంటూరు యార్డుకు చేరి, అక్కడినుండి రేవులకు పోయి, ఓడలెక్కి పరదేశాలకు తరలుతున్నది. రైతు ఆ ఓడను చూడడు. వర్తకుడు తుపానును ఆపలేడు. అయినా సరకు క్షేమంగా చేరుతుందన్న నమ్మకమే వారిద్దరి వ్యవహారానికీ ఆధారం. అట్టి నమ్మకాన్ని సుమారు 780 ఏండ్లకు పూర్వం ఈ సీమకు చెందిన సముద్రతీరాన శిలాక్షరాలతో నిలిపిన మహారాజు కాకతీయ గణపతిదేవుడు.

అతని జీవితం ఆపదలతో ఆరంభమైనది. తండ్రి మహాదేవరాజు దేవగిరి యాదవులపై దండెత్తి రణరంగంలో మరణించినాడు. కుమారుడు శత్రువులకు చిక్కి బందీ అయినాడు. రాజు లేని ఓరుగల్లును ఆ కష్టకాలంలో సేనాని రేచర్ల రుద్రుడు కాపాడినాడు. కొంతకాలానికి యాదవరాజు జైతుగి గణపతిని విడిచిపుచ్చగా, 1199లో అతడు సింహాసనమెక్కినాడు. పరుల దయవలన ప్రాణాలతో బయటపడినవానికి అభయమన్న మాట విలువ తెలియకుండునా?

ఓరుగల్లు సముద్రానికి దూరం. ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, సుగంధద్రవ్యాలు ఓడలపై వచ్చే కాలంలో రేవు లేని రాజ్యం తలుపు లేని ఇల్లు వంటిది. గణపతిదేవుడు వెలనాటి పృథ్వీశ్వరుని జయించి కృష్ణాతీరానికి వచ్చినాడు. దివిసీమను గెలిచి, అక్కడి అయ్యవంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను వివాహమాడి, వారి సోదరుడు జాయపను గజసేనాధిపతిగా నియమించినాడు. ఆ జాయసేనానియే తరువాత నృత్తరత్నావళి రచించినవాడు. తన కుమార్తె గణపాంబను ధరణికోట నేలిన కోట బేతరాజున కిచ్చి పెండ్లి చేసినాడు. ఈ విధంగా కత్తితో గెలిచిన నేలను బాంధవ్యంతో నిలుపుకొన్నాడు. అతని రాజ్యకాలంలోనే, 1213లో, రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప దేవాలయం కట్టించినాడు.

ఈ విజయాలతో మోటుపల్లి రేవు కాకతీయుల వశమైనది. చీరాలకు దక్షిణంగా, చినగంజాం సమీపాన నేడు చిన్న గ్రామంగా ఉన్న ఆ ఊరు ఆనాడు దేశదేశాల నావలు నిలిచే పట్టణం. అయితే సముద్రవర్తకునికి తుపానుకంటె భయంకరమైనది మరొకటి ఉండేది. గాలికి కొట్టుకొనివచ్చి ఓడ పగిలి ఒడ్డున పడితే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తమూ ఆ నేల నేలే రాజు స్వాధీనం చేసుకొనేవాడు. మృత్యుముఖం నుండి బయటపడిన నావికుడు గట్టుమీద నిరుపేద అయ్యేవాడు. ఇది రాజుల హక్కుగా చెల్లుబాటవుతూ వచ్చిన ఆచారం.

గణపతిదేవుడు 1244లో ఆ హక్కును వదులుకొన్నాడు. ధనం ప్రాణంకంటె మిన్న అని సాహసించి సముద్రమెక్కినవారిపై జాలితోను, కీర్తికొరకును, ధర్మంకొరకును, తాము నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసికొనబోమని శాసనం వేయించినాడు. ఎగుమతులకు, దిగుమతులకు ఆ సుంకం ముప్పదింట ఒక వంతు. అంతటితో ఆగక గంధపుచెక్క, దేశపు కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, తుత్తునాగం, సీసం, పగడాలు, మిరియాలు మొదలైన వానికి ఏ సరకుకు ఎంతో చెక్కించినాడు. పట్టుబట్టలకు మూటకు ఇంతని, వక్కలకు లక్షకు ఇంతని లెక్క. ఆనాటికి మిరప ఈ నేలకు రానేలేదు. కారానికి మిరియాలే గతి.

ఆ పట్టికలోని వివేకం గమనింపదగినది. చెల్లించవలసినది ముందే తెలిసినప్పుడు వర్తకుడు లాభనష్టాలు లెక్క వేసుకోగలడు. రాతిపై చెక్కిన రేటును రేవు అధికారి తన ఇష్టంవచ్చినట్లు మార్చలేడు. అదృష్టవశాత్తూ దొరకే ఒక పగిలిన ఓడ సొమ్ముకంటె, భయం లేక ఏటేటా వచ్చే నూరు ఓడల స్వల్పసుంకమే రాజ్యానికి మేలు. దయయు, లోకజ్ఞానమును ఆ శాసనంలో ఏకమైనవి. ఆ శతాబ్దంలోనే, 1275లో, ఇంగ్లండు రాజ్యం కూడ పగిలిన ఓడలోనుండి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణంతో బయటపడితే ఆ సొత్తు దిక్కులేనిది కాదని శాసించినది. ఇరు తీరాలలోను సమస్య ఒక్కటే.

గణపతిదేవుడు అరువదేండ్లకు పైగా రాజ్యమేలినాడు. వార్ధక్యంలో, సుమారు 1263లో, ముత్తుకూరు యుద్ధంలో పాండ్యుల చేతిలో ఓటమి చవిచూచినాడు. పాలనాభారం కుమార్తె రుద్రమదేవికి చేరినది. ఆమె కాలంలో మోటుపల్లి సీమను గురించి వ్రాసిన మార్కోపోలో ఇక్కడి సన్నని వస్త్రాలను, వజ్రాలను వర్ణించినాడు. 1323లో ఓరుగల్లు పడిపోయినది. అయినా 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే ఊరిలో వర్తకులకు మరల అభయశాసనం వేయించినాడు. రాజ్యం పోయినా ఆ ధర్మం అవసరం పోలేదు.

నేడు దీపస్తంభాలున్నవి, ఉపగ్రహాల హెచ్చరికలున్నవి, భీమా ఉన్నది. వీనిలో ఏదీ లేని కాలంలో గణపతిదేవుడు చేయగలిగినది ఒక్కటే: బలవంతుడైన తాను ఆపన్నుని సొమ్ము ముట్టకుండుట. అతడు గెలిచిన కోటలు చేతులు మారినవి. మోటుపల్లి వీరభద్రాలయ మండపస్తంభంపై మాత్రం అతని మాట నిలిచి ఉన్నది.